నాయకుడు పోయాక 440 రోజులు: పాలస్తీనా–ఇజ్రాయెల్ శాంతి అవకాశాలను లెక్కకట్టే పద్ధతి

2004 నవంబర్ 11 తెల్లవారుజామున పారిస్ శివారు క్లమార్‌లో, పెర్సీ సైనిక ఆసుపత్రిలో పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ కన్నుమూశారు. 1969 నుంచి పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌ఓ) పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆ రోజు ఎక్కువగా వినిపించినవి రెండు మాటలు. శాంతికి అడ్డు తొలగిందని కొందరు అన్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టి జనాన్ని ఒప్పించగల ఒకే ఒక్క మనిషి పోయాడని మరికొందరు అన్నారు. ఏడాదిన్నర తిరగకముందే పరిణామాలు ఈ రెండు అంచనాలనూ దాటి ఎటో వెళ్లిపోయాయి. నిజానికి సరైన అంచనాకు కావలసిన సమాచారంలో చాలా భాగం ఆ వారమే అందరి కళ్లముందూ ఉంది.

అలాంటి వార్త మళ్లీ వస్తుంది. అరాఫత్ వారసుడు మహమూద్ అబ్బాస్ 1935లో పుట్టారు, 2005 నుంచి పదవిలో ఉన్నారు. పత్రికల డెస్కులో ఉన్నవారికి, పోటీ పరీక్షలకు చదివేవారికి, వార్త చదివి సొంత బుర్రతో ఆలోచించాలనుకునేవారికి ఈ పద్ధతి పనికొస్తుంది. ఒక కాగితం, ఒక క్యాలెండర్, వెస్ట్ బ్యాంక్‌లో ఏ, బీ, సీ ప్రాంతాలు (ఎక్కడ ఎవరి అదుపు ఎంతో చెప్పే విభజన) గుర్తించిన పటం ఒకటి దగ్గర పెట్టుకోండి.

ముందు కుర్చీలు లెక్కపెట్టండి

'పాలస్తీనా అధ్యక్షుడు' అని ఒక్క ముక్కలో రాసేస్తే అంచనా మొదట్లోనే తప్పుతుంది. అరాఫత్ కూర్చున్న కుర్చీలు కనీసం మూడు. కాగితం మీద మూడు గళ్లు గీసి, ప్రతి కుర్చీకి ఏ అధికారం ఉందో పక్కన రాయండి.

మొదటిది పీఎల్‌ఓ కార్యనిర్వాహక సంఘం అధ్యక్ష పదవి. ఇజ్రాయెల్‌తో సంతకాలు పెట్టే హక్కు దీనిదే. 1993 సెప్టెంబర్ 9న ఇజ్రాయెల్‌ను గుర్తిస్తూ అరాఫత్ రాసిన లేఖ పీఎల్‌ఓ అధ్యక్షుడిగా రాసినదే. 1995 నాటి మధ్యంతర ఒప్పందం పాలస్తీనా అథారిటీకి (వెస్ట్ బ్యాంక్, గాజాల్లో పరిమిత స్వపరిపాలన సంస్థకు) విదేశీ వ్యవహారాల అధికారం ఇవ్వలేదు. చర్చలు జరపాల్సింది పీఎల్‌ఓనే.

రెండోది పాలస్తీనా అథారిటీ అధ్యక్ష పదవి. జీతాలు, పోలీసులు, బడులు, ఆసుపత్రులు దీని కింద ఉంటాయి. మూడోది అరాఫత్ సొంత పార్టీ ఫతా నాయకత్వం. ఎన్నికల్లో ఎవరికి టికెట్, ఏ ఊళ్లో ఎవరు పెద్ద అన్నవి ఇక్కడ తేలతాయి.

అరాఫత్ పోయిన రోజునే ఈ మూడూ ముగ్గురి చేతికి వెళ్లాయి. పీఎల్‌ఓ అబ్బాస్‌కు దక్కింది. అథారిటీ తాత్కాలిక అధ్యక్ష పదవి శాసన మండలి (అథారిటీ పార్లమెంటు) స్పీకర్ రౌహీ ఫత్తూహ్‌కు వెళ్లింది. ఫతా పగ్గాలు ఫారూక్ ఖద్దూమీకి వచ్చాయి. ఖద్దూమీ 1993లో ఇజ్రాయెల్, పీఎల్‌ఓ చేసుకున్న ఓస్లో ఒప్పందాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించిన మనిషి. పాలస్తీనా గడ్డకు తిరిగి రాకుండా ట్యూనిస్‌లోనే ఉండిపోయారు. అంటే సంతకం పెట్టేది ఒకరు, పార్టీని నడిపేది ఆ సంతకాన్నే ఒప్పుకోని మరొకరు. పద్నాలుగు నెలల తర్వాత ఫతా ఎన్నికల్లో చెల్లాచెదురు కావడానికి ఒక బీజం ఆ రోజే పడింది. కుర్చీలు చీలితే అది అధికారం పంచుకోవడమేలే అని సరిపెట్టుకోకండి. ఏ ఇద్దరి మధ్య చీలాయో, వాళ్లలో ఎవరి మాట ఎవరు వింటారో రాసుకోండి.

చావు ఎలా వచ్చింది, కాగితం మీద ఏముంది

జబ్బుతో పోయారా, సొంత పక్షం మనిషే చంపాడా, శత్రువు చంపాడా అన్నది చూడాలి. కానీ దానికంటే ముందు చూడాల్సింది, ఆ రోజుకి అమల్లో ఉన్న ఒప్పందం ఎంతవరకు వచ్చిందన్నది. మూడు మరణాలను పక్కపక్కన పెడితే ఇది తేటగా కనిపిస్తుంది.

ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదాత్‌ను 1981 అక్టోబర్ 6న సొంత సైనికులే కాల్చి చంపారు. అప్పటికి ఇజ్రాయెల్‌తో శాంతి ఒడంబడిక కుదిరి రెండున్నరేళ్లయింది. సినాయ్‌ని ఏ దశలో, ఏ తేదీకి, ఏ గీత వరకు ఖాళీ చేయాలో అందులో రాసి ఉంది. హోస్నీ ముబారక్ వచ్చారు. 1982 ఏప్రిల్ 25న చివరి విడత ఉపసంహరణ అనుకున్నట్టే పూర్తయింది. సంతకం పెట్టిన మనిషి పోయినా పని ఆగలేదు.

ఇజ్రాయెల్ ప్రధాని యిత్జాక్ రాబిన్‌ను 1995 నవంబర్ 4న ఒక యూదు అతివాది చంపాడు. అప్పటికి ఓస్లో సగం దారిలో ఉంది. జెరూసలేం, శరణార్థులు, ఆక్రమిత భూమిలోని యూదు సెటిల్‌మెంట్లు, సరిహద్దులు, భద్రత అనే అసలు చిక్కులన్నీ 'తుది దశ చర్చలు' అనే ఖాళీ గడిలో మిగిలి ఉన్నాయి. షిమోన్ పెరెస్ ఆ కుర్చీలోకి వచ్చారు. 1996 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జెరూసలేం బస్సుల్లో, టెల్ అవీవ్ వీధిలో ఆత్మాహుతి దాడులు జరిగాయి. రోజూ ఎక్కే బస్సు ఎక్కిన మామూలు మనుషులు తిరిగి ఇళ్లకు రాలేదు. మే 29న సుమారు ఒక్క శాతం తేడాతో బెంజమిన్ నెతన్యాహు గెలిచారు. ఖాళీ గడి ఎంత పెద్దదైతే వారసుడి మీద భారం అంత పెరుగుతుంది. చర్చలను చెడగొట్టాలనుకునేవాడికి దొరికే సందూ అంతే పెరుగుతుంది.

మూడోది, గాజాను ఏలిన సాయుధ ఇస్లామిక్ సంస్థ హమాస్ నాయకుడు యాహ్యా సిన్వార్. 2024 అక్టోబర్ 16న రఫాలో ఇజ్రాయెల్ సైన్యం చేతిలో హతమయ్యారు. ఇక గాజా యుద్ధం ముగుస్తుందన్న మాట ఆ రాత్రే మొదలైంది. కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది 2025 జనవరి 19న, అంటే 95 రోజులకు. దాని చట్రం 2024 మే 31న అమెరికా అధ్యక్షుడు బైడెన్ బయటపెట్టిన మూడు దశల ప్రతిపాదనకు దగ్గరగానే ఉంది. మార్చి 18న అదీ తెగిపోయింది. చంపడం వల్ల కొత్త కాగితమేదీ పుట్టలేదు. మధ్యలో ఆ 95 రోజులూ గాజాలో పిల్లలు చనిపోతూనే ఉన్నారు, బందీల కుటుంబాలు ఎదురుచూస్తూనే ఉన్నాయి.

అందుకే కాగితం మీద ఈ మూడూ విడివిడిగా రాయండి: తేదీలున్న హామీలు, పటం గీసిన హామీలు, 'తర్వాత మాట్లాడుకుందాం' అని వదిలేసినవి. మొదటి రెండూ మనిషి పోయినా నిలిచే అవకాశం ఉంది. మూడోదాన్ని ఆశల ఖాతాలో వేయకండి.

చావుకు కారణం మీద అనుమానాలొస్తే ఒకే జాగ్రత్త. అరాఫత్ విషయంలో 2012లో సమాధి తవ్వి నమూనాలు తీశారు. స్విస్ నిపుణులు పొలోనియం జాడ మామూలు కంటే ఎక్కువగా ఉందన్నారు. ఫ్రెంచ్, రష్యన్ బృందాలు విషప్రయోగం కాదన్నాయి. 2015లో ఫ్రాన్స్‌లో కేసు మూసేశారు. ఇలాంటి చోట 'ఆరోపణ ఉంది, తేలలేదు' అన్నంతవరకే రాయాలి.

అవతలి పక్షం అప్పటికే ఏం నిర్ణయించుకుందో చూడండి

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. పాలస్తీనా నాయకుడు పోతే అందరి చూపూ అథారిటీ కేంద్రమైన రమల్లా మీదే ఉంటుంది. సమాధానంలో సగం జెరూసలేంలోని ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌లో ఉంటుంది.

అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని ఏరియల్ షరోన్ 2003 డిసెంబర్ 18న హెర్జిలియా ప్రసంగంలో ఏకపక్షంగా వైదొలగే ఆలోచన చెప్పారు. 2004 అక్టోబర్ 26న క్నెసెట్ 67–45 ఓట్లతో గాజా నుంచి వైదొలగే ఆ ప్రణాళికను ఆమోదించింది. దానికి మూడు రోజుల తర్వాతే అరాఫత్‌ను చికిత్స కోసం పారిస్‌కు తీసుకెళ్లారు. ప్రణాళికకు చెప్పిన కారణం ఒకటే: అవతల మాట్లాడదగిన మనిషి లేడు. అరాఫత్ పోయారు. హింసను బాహాటంగా తప్పుపట్టిన అబ్బాస్ ఎన్నికై వచ్చారు. ఇప్పుడు మాట్లాడే మనిషి ఉన్నాడు కదా, మరి ప్రణాళిక మారిందా? మారలేదు. 2005 ఆగస్టు, సెప్టెంబర్‌లలో గాజాలోని 21 సెటిల్‌మెంట్లు, ఉత్తర వెస్ట్ బ్యాంక్‌లోని 4 సెటిల్‌మెంట్లు ఖాళీ చేశారు. ఎప్పుడు, ఎలా అన్నదానిపై కొంత సమన్వయం జరిగింది. ఒప్పందం మాత్రం జరగలేదు.

దాని ఫలితం చూడండి. చర్చల బల్ల దగ్గర కూర్చుని గాజా తెచ్చానని చెప్పుకునే అవకాశం అబ్బాస్‌కు దక్కలేదు. తుపాకీతో వెళ్లగొట్టామని హమాస్ ఊరూరా చెప్పుకుంది. ఆ ప్రచారానికి జవాబివ్వడానికి అబ్బాస్ దగ్గర సంతకం చేసిన కాగితమేదీ లేదు.

కాబట్టి ఈ పరీక్ష పెట్టండి. చనిపోయిన నాయకుడే అడ్డంకి అని నిన్నటిదాకా చెప్పిన ప్రభుత్వం, ఆయన పోయిన 90 రోజుల్లో తన ప్రణాళికలో ఒక్క అంశమైనా మార్చుకుందా? మార్చుకోకపోతే ఆ అడ్డంకి వేరేచోట ఉందన్నమాట. పాలస్తీనా పక్షానికీ ఇదే పరీక్ష. ఇజ్రాయెల్ ప్రధాని మారాక వాళ్ల డిమాండ్లలో, ఆయుధాల మీద వాళ్ల వైఖరిలో ఏం కదిలిందో చూడండి. ఈ రోజున లెక్క వేసేవారు 2024 జులైలో క్నెసెట్ పాలస్తీనా దేశ స్థాపనను వ్యతిరేకిస్తూ 68–9 ఓట్లతో చేసిన తీర్మానాన్ని తప్పకుండా కాగితం మీద పెట్టాలి. రమల్లాలో ఎవరొచ్చినా ఆ తీర్మానం అక్కడే ఉంటుంది.

క్యాలెండర్ మీద రోజులు గుర్తించండి

చనిపోయిన రోజు సున్నా. అరాఫత్ విషయంలో రోజులు ఇలా నడిచాయి.

59వ రోజు, 2005 జనవరి 9: అధ్యక్ష ఎన్నిక. అథారిటీకి రాజ్యాంగం లాంటి ప్రాథమిక చట్టం తాత్కాలిక అధ్యక్షుడికి 60 రోజులే గడువిచ్చింది. ఒక్క రోజు మిగిలి ఉండగా పని ముగించారు. అబ్బాస్‌కు సుమారు 62 శాతం ఓట్లు వచ్చాయి.

63వ రోజు: గాజా సరిహద్దులోని కర్నీ సరకు ద్వారం దగ్గర దాడిలో ఆరుగురు ఇజ్రాయెలీలు చనిపోయారు. మర్నాడే షరోన్ అబ్బాస్‌తో సంబంధాలు ఆపేశారు. అబ్బాస్ అప్పటికి ప్రమాణ స్వీకారం కూడా చేయలేదు. ఇది యాదృచ్ఛికం అనుకోవద్దు. కొత్త నాయకుడు కాలు నిలదొక్కుకునే లోపే దెబ్బ తీయాలని చూసేవాళ్లు రెండు పక్కలా ఉంటారు. ఎన్నిక అయిన మొదటి పది రోజులు అన్నిటికంటే ప్రమాదకరం.

89వ రోజు, ఫిబ్రవరి 8: షర్మ్ అల్ షేక్‌లో షరోన్, అబ్బాస్, ముబారక్, జోర్డాన్ రాజు రెండో అబ్దుల్లా ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. హింస ఆపుతామని ఇద్దరూ ప్రకటించారు. చాలామంది ఇక్కడితో ఫైలు మూసి 'శాంతికి బాట' అని రాసేశారు.

440వ రోజు, 2006 జనవరి 25: శాసన మండలి ఎన్నికలు. 132 స్థానాల్లో హమాస్‌కు 74, ఫతాకు 45.

అందుకే ఫైలు 90వ రోజున మూయకూడదు. తొలి మూడు నెలల్లో పనులు చకచకా జరుగుతాయి, కరచాలనాల ఫొటోలు వస్తాయి. ఊళ్లలో జనం బతుకు ఏమైనా మారిందా లేదా అన్న తీర్పు ఏడాది దాటాకే వస్తుంది.

హామీని కాదు, అందినదాన్ని కొలవండి

89వ రోజు తర్వాత ఏం జరిగిందో కొలవడానికి నాలుగు కొలతలు చాలు.

ఊళ్లు: షర్మ్ అల్ షేక్ తర్వాత వెస్ట్ బ్యాంక్‌లో ఐదు పట్టణాల భద్రత పాలస్తీనా పోలీసులకు అప్పగించాలి. మార్చిలో జెరికో, తుల్కరమ్ అప్పగించారు. అక్కడితో ఆగింది. ఐదుకు రెండు.

ఖైదీలు: 900 మందిని విడుదల చేస్తామన్నారు. ఫిబ్రవరిలో 500 మంది, జూన్‌లో దాదాపు 400 మంది బయటికొచ్చారు. ఈ మాట దాదాపు నిలబడింది. అయితే జనం ఎదురుచూసిన పాత ఖైదీలు, పేరున్న నాయకులు ఆ జాబితాల్లో ఉన్నారా అన్నది సంఖ్యలో కనబడదు. పేర్లు చూడాలి.

డబ్బు: పాలస్తీనాకు వచ్చే సరకు మీద సుంకం, వ్యాట్ ఇజ్రాయెలే వసూలు చేసి నెలనెలా అందజేస్తుంది. ఇది 1994 పారిస్ ఒప్పందం పెట్టిన ఏర్పాటు. అథారిటీ రాబడిలో సింహభాగం ఇదే. ఇది ఆగితే బడిపంతులుకీ నర్సుకీ జీతం ఆగుతుంది. 2006లో హమాస్ గెలవగానే ఆపేశారు. 2019 నుంచి వేర్వేరు కారణాలతో కోతలు పెడుతున్నారు. కొత్త నాయకుడికి మొదటి మూడు నెలలు ఈ డబ్బు పూర్తిగా అందితే, అది ఏ ప్రకటన కంటే గట్టి సంకేతం.

భూమి: వెస్ట్ బ్యాంక్‌లో సుమారు 60 శాతం సీ ప్రాంతం, పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉంది. ఓస్లో నాటికి తూర్పు జెరూసలేం కాకుండా వెస్ట్ బ్యాంక్‌లో లక్షకు కొంచెం పైన ఉన్న సెటిలర్లు ఇప్పుడు 5 లక్షలు దాటారు. పటం మీద అది రంగు ముక్క. ఆలివ్ తోట ఉన్న రైతుకు అది సొంత పొలానికి వెళ్లడానికి అనుమతి దొరికే రోజు, దొరకని రోజు. నాయకుడు పోయిన ఏడాదిలో కొత్త ఇళ్ల టెండర్లు పెరిగాయా తగ్గాయా అని చూడకుండా ఏ అంచనా నిలవదు.

చిన్న ఎన్నికను వదలకండి

2005 జనవరి అధ్యక్ష ఎన్నికను హమాస్ బహిష్కరించింది. హమాస్ పక్కకు తప్పుకుందని చాలామంది లెక్క వేశారు. కానీ 2004 డిసెంబర్ 23న, అరాఫత్ పోయి ఆరు వారాలకే, మొదలైన స్థానిక ఎన్నికల్లో హమాస్ పోటీ చేసింది, గెలవడం నేర్చుకుంది. మన దగ్గర అసెంబ్లీ ఫలితం చూసి ఆశ్చర్యపోయినవాళ్లు ముందు ఏడాది పంచాయతీ ఫలితాలు చూసి ఉండరు. అక్కడా అదే పొరపాటు జరిగింది.

2006 ఫలితాన్ని కూడా సీట్లతో చదివితే తప్పు అర్థం వస్తుంది. సగం సీట్లకు జనం పార్టీ జాబితాకు ఓటేశారు, మిగతా సగానికి జిల్లా అభ్యర్థులకు. జాబితా ఓట్లలో హమాస్‌కు సుమారు 44 శాతం, ఫతాకు 41 శాతం. జాబితా సీట్లు 66లో హమాస్ 29, ఫతా 28. దాదాపు సమానం. జిల్లా సీట్లు 66లో మాత్రం హమాస్ 45, ఫతా 17. ఫతా టికెట్ దక్కనివాళ్లు స్వతంత్రులుగా దిగి సొంత పార్టీ ఓటునే చీల్చారు. మొదటి గడిలో రాసుకున్న చీలిక ఇక్కడ తేలింది. 'పాలస్తీనా జనం శాంతిని తిరస్కరించారు' అన్న శీర్షికకు ఈ అంకెల్లో ఆధారం లేదు. అవినీతి మీద కోపం, అభ్యర్థుల గుంపు, అందని హామీలు కలిసి ఇచ్చిన ఫలితం అది. ఆ తర్వాత బయటి దేశాల షరతులు, ఆంక్షలు వచ్చాయి. 2007 జూన్‌లో గాజా హమాస్ చేతికి పోయింది. అప్పటినుంచి పాలస్తీనా రెండు ముక్కలు.

గదిలో లేనివాళ్ల జాబితా కూడా ఒకటి రాయండి. ఫతా నాయకుడు మర్వాన్ బర్గూతీ 2002 నుంచి ఇజ్రాయెల్ జైలులో ఉన్నారు, ఐదు జీవిత ఖైదుల శిక్ష పడింది. 2004 డిసెంబర్‌లో జైలు నుంచే పోటీకి దిగి, వెనక్కి తగ్గారు. అధ్యక్ష పదవిపై అభిప్రాయ సేకరణలు జరిగినప్పుడల్లా ఆయన పేరు ముందు వరుసలో ఉంటోంది. వారసుడు ఎవరన్న ప్రశ్నకు జైలు గేటు కూడా ఒక జవాబు.

ఇజ్రాయెల్ నాయకుడైతే

క్లుప్తంగా. అక్కడ కుర్చీ ఎవరిదన్న తగువు తక్కువ, చట్టం స్పష్టం. 2006 జనవరి 4న షరోన్ పక్షవాతంతో కుప్పకూలిన రాత్రే ఎహుద్ ఓల్మర్ట్ బాధ్యత తీసుకున్నారు. మార్చి 28న ఎన్నికలు జరిగాయి, షరోన్ పెట్టిన కదిమా పార్టీ 29 సీట్లు గెలిచింది. కుర్చీ నిలబడింది. వెస్ట్ బ్యాంక్ నుంచి కూడా కొంత వైదొలగాలన్న ప్రణాళిక మాత్రం ఆ వేసవి లెబనాన్ యుద్ధంతో పక్కకుపోయింది. అక్కడ చూడాల్సింది వారసుడి పేరు కాదు, సంకీర్ణంలో ఎన్ని సీట్లు ఎటువైపు ఉన్నాయన్నది.

మన వైపు నుంచి

భారత్ 1988లో పాలస్తీనా దేశాన్ని గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది, రమల్లాలో ప్రతినిధి కార్యాలయం నడుపుతోంది. సంతాప ప్రకటనలో రెండు దేశాల పరిష్కారం ప్రస్తావన ఉందా, సరిహద్దుల గురించి మాట ఉందా అని పాత ప్రకటనలతో పోల్చి చదవండి. తెలంగాణ నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లో ఇళ్లలో వృద్ధులను చూసుకునే కేర్‌గివర్లు ఉన్నారు. 2024లో హైదరాబాద్‌లో నిర్మాణ పనులకూ ఎంపికలు జరిగాయి. వాళ్ల ఇళ్లలో ఆ వార్త విదేశీ వార్తగా అనిపించదు. రాసేవాళ్లు విమానాలు, రాయబార కార్యాలయం సూచనలు కూడా అదే రోజు చూసి రాయాలి.

ఇప్పుడు కాగితం నింపితే

అబ్బాస్ చేతిలో మూడు కుర్చీలూ ఉన్నాయి. నాలుగేళ్ల పదవీకాలానికి 2005లో ఎన్నికయ్యారు, ఆ తర్వాత ఎన్నిక జరగలేదు. 2004లో దారి చూపిన శాసన మండలిని 2018 డిసెంబర్‌లో రద్దు చేశారు. అందువల్ల స్పీకర్‌కు అధికారం అప్పగించే పాత దారి మూసుకుపోయింది. 2024 నవంబర్‌లో తాత్కాలిక బాధ్యత పీఎల్‌ఓ జాతీయ మండలి అధ్యక్షుడికి వెళ్లేలా ఉత్తర్వు వచ్చింది. ఆ అధ్యక్షుడు కూడా అదే రౌహీ ఫత్తూహ్. రెండు కాలాలనూ కలిపేయకండి. 2025 ఏప్రిల్‌లో ఉపాధ్యక్ష పదవి సృష్టించి హుసేన్ అల్ షేక్‌ను నియమించారు. అక్టోబర్‌లో పాత ఉత్తర్వును రద్దుచేసి, పదవి ఖాళీ అయితే ఉపాధ్యక్షుడే 90 రోజులు బాధ్యత చూస్తారని ప్రకటించారు.

ఉత్తర్వు ద్వారా వచ్చే అధికారం వేరు, ఓటు ద్వారా వచ్చేది వేరు. కాబట్టి సున్నా రోజున మొదటి ప్రశ్న వారసుడి పేరు గురించి కాకుండా ఎన్నిక తేదీ గురించి ఉండాలి. తేదీ ప్రకటిస్తే దాన్ని రెండు చోట్ల పరీక్షించండి. ఒకటి గాజా: ఇళ్లు కూలి, జనం గుడారాల్లో ఉన్నచోట ఓటర్ల జాబితా, పోలింగ్ కేంద్రాలు ఎవరు, ఎలా ఏర్పాటు చేస్తారు? రెండోది తూర్పు జెరూసలేం: 1996లో, 2005లో, 2006లో అక్కడి పాలస్తీనీయులు ఇజ్రాయెల్ అనుమతితో తపాలా కార్యాలయాల కిటికీల దగ్గర ఓటు వేశారు. 2021 మే 22కి పెట్టిన ఎన్నికను, ఆ అనుమతి రాలేదన్న కారణంతో అబ్బాస్ వాయిదా వేశారు. ఈసారి ఆ కిటికీలు తెరుస్తారా లేదా అన్న వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లలో వస్తుంది. దాన్ని కత్తిరించి కాగితానికి అంటించుకోండి.